మలేరియా మందుకు రాలిన పురుగులు

అరవైల మొదట్లో నేను కొల్లాపూర్‌లో సైన్సు పంతులమ్మను. నా చదువంతా ఉర్దూలో సాగింది, బడిలో మాత్రం తెలుగులో చెప్పాలి. పొద్దున లేచింది మొదలు ఒక్కో మాటకూ తెలుగు వెతుక్కోవడంతోనే సగం అలిసిపోయేదాన్ని. అందులో కీటకాల పాఠం మరీ కష్టం. వాటిని క్రమాలుగా విడదీస్తారు. ఆ క్రమాల పేర్లు చాలావరకు రెక్కలను బట్టి వచ్చినవే: రెండు రెక్కలవి, పొలుసు రెక్కలవి, పొర రెక్కలవి, ఒరలాంటి గట్టి రెక్కలవి, సగం గట్టిగా సగం పొరగా ఉండే సగం రెక్కలవి. నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెబితే ఆడపిల్లలు మర్యాదగా తలలూపేవారు. పరీక్షలో ఈగకూ తేనెటీగకూ ఒకే బొమ్మ గీసేవారు.

పురుగులనే తెచ్చి చూపిద్దామనుకున్నాను. దోమతెర గుడ్డతో వల కుట్టుకుని, ఆదివారం పూట ఊరి బయటికి పోయేదాన్ని. ఆ ఏడు వానలు లేవు. ఆముదం చేలు మోడులయ్యాయి. ఎండలో గట్ల వెంట తిరిగితే దొరికేవి మిడతలే. నడుము పట్టేసి ఇల్లు చేరితే అమ్మ మంచినీళ్లు ఇచ్చి, వలలోకి తొంగిచూసి లోపలికి పోయేది. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. మా కిరాయి ఇంట్లో మేమిద్దరం, అమ్మ పెంచుకున్న బూడిదరంగు పిల్లి.

ఎండాకాలం మొదట్లో మలేరియా మందు కొట్టేవాళ్లు మా వాడకు వచ్చారు. భుజాన పంపు వేసుకున్న మనిషి గడపలో నిలబడి, "పంతులమ్మా, తినేటియి జర మూతలు పెట్టుండ్రి. గోడలన్నీ తడుపుతం," అన్నాడు.

"నల్లులు గూడ సస్తయా?" అమ్మ ఆశగా అడిగింది.

"అన్నీ సస్తయి, అవ్వా."

గోడలన్నిటికీ తెల్లటి పొడి పట్టింది. ఘాటు వాసనకు నాకు తల నొప్పి వచ్చింది. వాళ్లు తలుపు మీద సుద్దతో తేదీ రాసి పోయారు. మేం వాకిట్లోనే పడుకున్నాం.

పొద్దున తలుపు తీసేసరికి నేలంతా పురుగులే. దూలాల సందుల్లోంచి, గోడ నెర్రెల్లోంచి, మంచం పట్టెల్లోంచి రాలిపడ్డాయి. బొద్దింకలు, ఈగలు, కీచురాళ్లు, జొన్నలకు పట్టే ముక్కుపురుగులు, నల్లులు. పుస్తకాలు కొరికే వెండిరంగు పురుగులు. గోడకు మట్టిగూడు కట్టుకున్న కందిరీగ కూడా. ఎన్ని ఆదివారాలు తిరిగినా దొరకనివన్నీ మా ఇంట్లోనే కాపురం ఉన్నాయన్నమాట. నవ్వాలనిపించింది కానీ ఓపిక లేదు.

అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది.

"అమ్మా, జర ఆగు. ఊడ్వకు."

"బడికి టైమైతాంది గదా బిడ్డా. పొయ్యి గూడ ముట్టియ్యలే."

"గివి ఏరుకుంట. పిల్లలకు చూపియ్యాలె."

నేను చాపేసుకుని కూర్చున్నాను. కాగితాలు పరిచి, రెక్కలు విప్పి చూసి, ఏ క్రమానికి చెందినదాన్ని ఆ కాగితం మీద పెడుతున్నాను. కాసేపు చూసి అమ్మ కూడా నా పక్కన చతికిలబడింది. చీపురుపుల్లతో ఒక సాలెపురుగును నా వైపు జరిపింది.

"ఇది వద్దమ్మా. దీనికి ఎనిమిది కాళ్లు. కీటకమంటే ఆరే ఉండాలె."

"సచ్చినంక గూడ కాళ్లు లెక్కవెడ్తరా!" అంది అమ్మ. అయినా ఆ తర్వాత ఆమె అందించినవాటిలో సాలెపురుగు లేదు.

పిల్లి సంగతి మాకు సాయంత్రం దాకా తెలియలేదు. గోడల మీంచి బల్లులు కూడా రాలాయి, అది వాటిని తిన్నట్టుంది. నేను బడి నుంచి వచ్చేసరికి కాళ్లు వణుకుతూ పొయ్యి మూలన పడి ఉంది. అమ్మ మజ్జిగ పోసి చూసింది, అది తాగలేదు. దీపాలు పెట్టే వేళకు పోయింది. అమ్మ తన పాత చీర ముక్కలో చుట్టింది. ఇద్దరం పెరట్లో గుంత తవ్వాం. గట్టి నేల, పార దిగలేదు. ఒకరు అలిసిపోతే ఒకరం తవ్వాం. అమ్మ ఏడ్వలేదు. "మందు కొట్టినోళ్లు మంచికే కొట్టిండ్రు," అని మాత్రం అంది.

ఏరిన పురుగులను అమర్చే పెట్టె పూర్తయింది. బెండు మీద గుండుసూదులతో గుచ్చి, ఒక్కో క్రమం కింద తెలుగులో పేరు రాశాను. బడిలో ఆడపిల్లలు బల్ల చుట్టూ మూగారు. ఒకమ్మాయి వేలు పెట్టి అడిగింది.

"టీచర్, నల్లికి రెక్కలే లేవు. గాదాన్ని గీ సగం రెక్కల వాటి దగ్గర ఎందుకు పెట్టిండ్రు?"

"రెక్కలు ఒక్కటే చూస్తే సరిపోదు, దాని మూతి చూడు," అన్నాను. "సూదిలాగ ఉంది. చెట్ల రసం పీల్చే పురుగులకూ గట్లనే ఉంటది. అందుకని వాటితో కలిపిండ్రు."

ఆ పిల్ల తలూపలేదు. భూతద్దం అడిగి తీసుకుని, వంగి, చాలాసేపు చూసింది.

అమ్మ మళ్లీ పిల్లిని తెచ్చుకోలేదు. అంతకుముందు పగలంతా దానితోనే మాట్లాడేది కాబట్టి ఇప్పుడు ఆ మాటలన్నీ నాకోసం దాచిపెట్టేది. నేను బడి నుంచి వచ్చి చాప మీద వాలగానే పక్కన కూర్చుని మొదలుపెట్టేది. కళ్లు మూతలు పడుతున్నా ఊఁ కొట్టేదాన్ని. తన మాటలు అయిపోయాక, "ఇయ్యాల పిల్లలకేం చెప్పినవ్?" అని అడిగేది. నిద్రలోకి జారుతూనే చెప్పేదాన్ని.