మొవ్వు లేని నారు

ముందే చెప్పేస్తున్నాను, నారక్కను చూసి జాలిపడకండి. జాలిపడితే ఆవిడకు ఒళ్లు మండుతుంది. పాతికేళ్లుగా ఇంటి వెనక వల కట్టిన షెడ్డులో కూరగాయల నారు పెంచి చుట్టుపక్కల రైతులకు ఇస్తోంది. అసలు పేరు బ్యాంకువాళ్లకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. మొగుడు పోయి పదేళ్లయింది. ఒక్కతే కూతురు. మాట కటువు, చెయ్యి మెత్తన. మొక్కను పట్టుకున్నంత సుతారంగా ఆవిడ కూతుర్ని కూడా ఏనాడూ పట్టుకోలేదని వీధిలో అంటారు, కూతురూ కాదనదు.

విత్తనం వెయ్యడానికి ఆవిడకొక పద్ధతి ఉంది. షెడ్డు పక్క నేలలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని వంద లెక్కపెడుతుంది. వందలోపు చెయ్యి లాక్కోవాలనిపిస్తే నేలలో చలి ఇంకా పోలేదన్నమాట. మళ్లీ వారం ఆగుతుంది. అత్తగారు నేర్పిన విద్య. పాతికేళ్లలో ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు, ఈ ఏడు చేసింది.

చలికాలం ఇంకా రెండు నెలలు మిగిలి ఉండగానే ఎండలు దంచికొట్టాయి. జనం స్వెట్టర్లు మడతపెట్టేశారు. నారక్క నేలలో చెయ్యి పెడితే వంద కాదు, నూట యాభై లెక్కపెట్టినా వెచ్చగా హాయిగా ఉంది. దానికి తోడు తమ్ముడొకడు. ఊరంతా అతన్ని రేడియో అంటారు, ఒకసారి మొదలుపెడితే ఆపే మీట లేదు. మూడెకరాలుంది. "ఎండలొచ్చేశాయే అక్కా, ఎవడు ముందు కోస్తే వాడికే బేరం, మూడు వారాలు ముందు కానీ" అని రోజూ వచ్చి జోరీగలా రొద పెట్టాడు. ఆవిడ ముందే విత్తనం వేసి, నారు ఎదగగానే ఇచ్చేసింది. అతను టొమాటో నాటేశాడు.

నాటిన పన్నెండో రోజు చలి దిగింది. అబ్బో, అదేం చలి! తెల్లారేసరికి పొలాలన్నీ పిండి జల్లినట్టు తెల్లగా అయిపోయాయి. ఎండ పడ్డాక తెలుపు కరిగి, కింద మొక్కలు ఉడికించిన ఆకుల్లా నల్లబడి వాలిపోయాయి. మూడెకరాల్లో ఒక్క మొక్క మిగల్లేదు. ఐదు రోజులు అదే వరస.

ఇంత జరిగినా రేడియో నోరు మూయలేదు. మూడో రోజు పొద్దున్న టీకొట్టులో నారక్క కూతురు కనబడింది. ఆ పిల్ల వాతావరణ కేంద్రంలో ఉద్యోగం చేస్తుంది, రోజూ పొద్దున్నే వేడీ చలీ కొలిచి పుస్తకంలో రాస్తుంది. అందుకని మేనమామ ఆమెకు థర్మామీటరు అని పేరు పెట్టాడు. అతను జేబురుమాల్లో మూటకట్టి తెచ్చిన ఐసుముక్కను, పశువుల తొట్టిలోంచి పగలగొట్టిందే, ఆమె ముందు బల్ల మీద ఠప్పున పెట్టాడు.

"ఇదిగోనే థర్మామీటరూ, భూమి వేడెక్కిపోతోందన్నారుగా మీవాళ్లు! ఆ వేడి ఇదే. టీలో వేసుకుని తాగు."

కొట్టంతా ఘొల్లుమంది. ఆ పిల్ల ఎర్రబడింది గానీ తగ్గలేదు. "చలి ఎప్పుడూ వచ్చేదే మావయ్యా. మా పుస్తకాల్లో నలభై ఏళ్ల లెక్కలున్నాయి, వాటిలో ఆరేళ్లు సరిగ్గా ఇదే వారంలో ఇలాంటి చలి వచ్చింది. అప్పుడు పంట పోలేదు, పొలంలో ఏమీ లేదు కనక. పోయిన నెల అంత వేడి మాత్రం ఒక్కసారీ లేదు. ఆ వేడి చూసి మనం తొందరపడ్డాం."

"ఆఁ, వేడి వల్ల చలికి చచ్చాయట! విన్నారా?" అన్నాడతను. మళ్లీ నవ్వులు. అందరూ నవ్వుతుంటే అతనూ నవ్వుతున్నాడు. కళ్లు మాత్రం నిద్ర లేక ఉబ్బి ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ చూసుకోలేదు. ఆ పిల్ల టీ సగంలో వదిలేసి వెళ్లిపోయింది.

కబురు నారక్క చెవిన పడింది. నలుగురిలో తన పిల్లను అంతేసి మాటలంటాడా, వీడి నోరు పడిపోను అనుకుంది. అయినా తోడబుట్టినవాడు, మూడెకరాలూ పోగొట్టుకుని ఉన్నాడు. కోపం మింగి షెడ్డులో పనికి వెళ్లిపోయింది.

చలి తగ్గిన మర్నాడు పొద్దున్న అతను ట్రాక్టరు తీసుకుని షెడ్డు ముందు దిగాడు. మనిషి సగమైపోయాడు. షెడ్డులో కాలీఫ్లవర్ నారు ఉంది, మూడొందల ట్రేలు, ముప్పై వేల మొక్కలు. సరిగ్గా మూడెకరాలకు వస్తుంది. చలికి కాస్త వాడినా పచ్చగానే నిలబడింది.

"అక్కా, కాలువ రేపు సాయంత్రం కట్టేస్తారట. ఈలోపు నాటి తడి పెట్టుకుంటే సరేసరి, లేకపోతే ఈ ఏడు నా పొలం బీడే. పిల్లల ఫీజులు, ఇంటి జరుగుబాటు అన్నీ దీని మీదే. ఈ నారు నాకిచ్చెయ్యి."

"నీకు కాక ఎవరికిస్తానురా" అంటూ నారక్క ఒక ట్రే ఎత్తింది. ఇచ్చే ముందు ఒక మొక్క నడిమి ఆకుల్ని బొటనవేలితో విడదీసి చూడటం ఆవిడకు అలవాటు. ఆ రెండు ఆకుల మధ్య గింజంత మొవ్వు ఉండాలి, ఎదిగి పువ్వయ్యేది అదే. మొవ్వు లేదు. ఆ చోట గోధుమరంగు మచ్చ ఉంది, అంతే. ఇంకోటి విడదీసింది. లేదు. ఇంకోటి. ఉంది. ఇంకోటి. లేదు.

లేత నారుకు పెద్ద చలి తగిలితే ఇలా అవుతుందని అత్తగారు ఒకప్పుడు చెప్పింది, ఇన్నేళ్లలో కంటితో చూడలేదు. మొవ్వు చచ్చిన మొక్క చావదు. ఆకులు పెంచుకుంటూ రెండున్నర నెలలు దర్జాగా నిలబడుతుంది. నీళ్లు తాగుతుంది, ఎరువు తింటుంది. పువ్వు మాత్రం పెట్టదు.

"ఒరే, ఈ నారు పనికిరాదు" అంది.

"ఏంటీ?"

"మొవ్వు పోయింది. సగానికి పైగా."

తమ్ముడు ట్రేలోకి చూశాడు. నవనవలాడుతున్న ఆకులు చూశాడు. మెల్లగా అతని మొహం మారింది. "పచ్చగా ఉన్న నారును పట్టుకుని చచ్చిందంటావా? సూటిగా చెప్పు. నీ కూతుర్ని నాలుగు మాటలన్నానని కదూ ఇదంతా?"

"నోరు అదుపులో పెట్టుకో."

"ఇంకెవడికో ఇస్తానని మాటిచ్చావు. లేకపోతే నా పొలం ఎండితే చూడాలని ఉంది. పుండు మీద కారం చల్లుతున్నావే అక్కా! అమ్మ ఉంటే ఇలా చేసేదానివా?" అతను రెండు చేతులా ఆరు ట్రేలు ఎత్తి ట్రాక్టరు వైపు నడిచాడు.

నారక్క పరుగెత్తి తలుపుకు అడ్డం నిలబడింది. యాభై దాటిన మనిషి, ఎముకల గూడు, అంత లావు తమ్ముడికి అడ్డం. "నన్ను తోసుకుని వెళ్లు. వెళ్లి నాటు. రెండున్నర నెలలు చాకిరీ చేసి, ఆకులు కోసి గేదెలకెయ్యి. అప్పుడొచ్చి నన్ను తిట్టు. లేదా ఆ ట్రేలు దించి, నీకు నచ్చిన పది మొక్కలు నువ్వే ఏరుకో. నీ చేత్తో నువ్వే విప్పి చూడు."

అతను రొప్పుతూ ట్రేలు దించాడు. అన్నిటికన్నా బలంగా ఉన్నవి పది ఏరాడు. మొద్దువేళ్లతో మొదటిదాన్ని విప్పబోతే ఆకు చిరిగింది, ఆవిడ విసుక్కుంటూ ఎలా విప్పాలో చూపించింది. ఒకటి. రెండు. మూడు. పది మొక్కల్లో ఏడింటికి మొవ్వు లేదు. అతను పదో దాన్ని కింద పెట్టి, పక్కనున్న బస్తా మీద కూలబడ్డాడు.

"ఏడవకు. మొహం కడుక్కో" అంది నారక్క, తన కళ్లూ తుడుచుకుంటూ. "పదిటికి మూడు బతికున్నాయిగా. ముప్పై వేలూ చూద్దాం, ఒక్కోటీ."

మరదలికి కబురు పంపింది. షెడ్డులో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లను కూర్చోబెట్టింది. కూతురు సెలవు పెట్టి వచ్చింది. మేనమామ వైపు చూడకుండా ఒక ట్రే ముందేసుకుంది. ఆరుగురూ మధ్యాహ్నం అన్నం కూడా వంతులవారీగా తిన్నారు. మొవ్వు ఉన్నది కుడివైపు, లేనిది ఎడమవైపు. ఎడమవైపు కుప్ప గంట గంటకూ పెరిగింది. ఉత్తరం వైపున్న నలభై ట్రేల్లో మొవ్వున్నది ఒక్కటంటే ఒక్క మొక్క లేదు. "ఇది ఉందా లేదా చూడు వదినా" అని మరదలు అడగడం, నారక్క వంగి చూసి "లేదు" అనడం. పొద్దున్నుంచి ఎన్నిసార్లన్నదో, చివరికి నోటితో అనలేక తల ఊపడం మొదలుపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నానికి తేలింది. తొమ్మిది వేలకు ఓ వంద తక్కువ. ఎకరానికి చాలీచాలని నారు. మిగతా రెండెకరాలూ బీడే.

కాలువ కట్టడానికి ఇంకా నాలుగు గంటలుంది. ట్రేలు ట్రాక్టరులో సర్దుతున్నారు. సర్దుతున్నవాడల్లా తమ్ముడు ఆగి మేనకోడలి దగ్గరకు వచ్చాడు. ఎగతాళిగా ఏదో అంటాడని ఆ పిల్ల ఒళ్లు బిగబట్టుకుంది.

"అమ్మా," అన్నాడు. "వచ్చే ఏడు ఎప్పుడు నాటాలో చెప్పు. నువ్వు చెప్పిన రోజే నాటుతా. ఒక్కరోజు అటూ ఇటూ కానివ్వను."

ఆ పిల్ల తడబడింది. "తెలీదు మావయ్యా."

"అదేంటి? నలభై ఏళ్ల లెక్కలున్నాయన్నావుగా."

"జరిగిపోయింది చెప్పగలను. ఎండ ముందొస్తే ఆగమని చెప్పగలను. అంతేగానీ, ఈ తేదీ దాటితే ఇక భయం లేదు అనే రోజు... అలాంటి రోజు ఇప్పుడు ఎవరి పుస్తకంలోనూ లేదు."

అతను ఆమె మొహంలోకే చూస్తూ ఉన్నాడు, ఇంకా ఏదో చెబుతుందని. వాదనలో గెలిచింది ఆ పిల్లే కదా, గెలిచినవాళ్ల దగ్గర జవాబు ఉండాలి కదా. తన తమ్ముడి కళ్లలో అంత బెదురు నారక్క చిన్నప్పుడు కూడా చూడలేదు.

"పోనీ ఉజ్జాయింపుగా ఏదో ఒక రోజు చెప్పమ్మా" అన్నాడతను, గొంతు తగ్గించి. "తప్పయినా నిన్నేమీ అనను. ఒట్టు. నాకొక రోజు కావాలి."

ఆ పిల్ల తల దించుకుంది. ఏదో ఒకటి అనేస్తే ఆ మనిషి ఆ రాత్రి నిద్రపోయేవాడే, ఆ సంగతి ఆమెకు తెలుసు.

నారక్క ఆఖరి ట్రే తెచ్చి తమ్ముడి చేతుల్లో పెట్టింది. "ఎక్కరా, కాలువ కట్టేస్తారు" అంది.