తదియా, చవితా

మొన్న పొద్దున్నే జనగామ నుంచి బామ్మర్ది ఫోన్ చేశాడు. హోల్‌సేల్ కిరాణా వాడిది. ఏ మాటైనా లారీలోంచి సరుకు దింపుకుంటున్నట్టు గబగబా చెప్పేస్తాడు. "బావా, అక్క సంవత్సరీకం చవితినాడు. కూరగాయలు, ఇస్తరాకులు నేనే తెస్త. నువ్వు అయ్యగారికి చెప్పు, ఇగ పరేషాన్ గాకు" అని పెట్టేశాడు. చేతిలో టీ చల్లారకముందే కేసముద్రం నుంచి వదిన. నా భార్యకు సొంత అక్క, ధాన్యం అమ్మిపెట్టే అడ్తి దుకాణం వాళ్లింటి కోడలు. "మరిదీ, నా చెల్లె తదియనాడు పోయింది. చవితినాడు పెడితే ఆ బువ్వ దానికి ముట్టది" అన్నది. భూపాలపల్లిలో మా ఇంటి గోడకున్న క్యాలెండర్ ముందు నిలబడిపోయాను. ఉద్యోగకాలమంతా కాలేజీలో చరిత్ర చెప్పి, ఏ యుద్ధం ఏ తారీఖున మొదలైందో పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణి. నా భార్య ఏ రోజు పోయిందో నాకు ఇద్దరు ఫోన్లో చెబుతున్నారు, ఇద్దరూ వేరువేరుగా.

తారీఖు నాకు తెలుసు. దాన్ని ఎవరూ అడగరు. మాలో పోయినవాళ్లకు చంద్రుడి లెక్కే. బతికుండగా నా భార్యకూ అదే లెక్క, మా ఇంట్లో సగం తగువులు దానివల్లే. గ్యాస్ ఎప్పుడొచ్చిందంటే "పున్నం ముందట" అనేది. జనగామ ఎప్పుడు పోతావంటే "అమాస ఎల్లినంక". అమావాస్య వెళ్లాక రెండు వారాలుంటాయి కదా, ఏ రోజో చెప్పమని నేను. "ఎల్లినంక అంటే ఎల్లినంకనే. నీకు సమజ్ గాకపోతే నేనేం జెయ్యాలె సారూ?" అని ఆమె. బస్సు టికెట్లు అమావాస్యకు అమ్మరని నేను అరిచేవాణ్ణి. చంద్రుడి చుట్టూ వలయం కనిపిస్తే "గుడి గట్టింది, మిరపకాయలు లోపల పొయ్యి" అని నన్ను డాబా మీదికి తరిమేది. సగం సార్లు చుక్క కూడా పడేది కాదు. అడిగితే "పక్కూర్ల పడ్డది" అనేది, ఏ ఊళ్లోనో చెప్పకుండా. నేను నవ్వడం తక్కువని "మా సారు అమాసకో పున్నానికో నవ్వుతడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నెల పొడిచిన సాయంత్రం ఆ సన్నటి గీతను చూశాక మంచి ముఖం చూడాలంటారు, నెలంతా బాగుంటుందని. నేను పక్కనే ఉన్నా ఆమె తన చేతి గాజులు చూసుకునేది. ఒకసారి నొచ్చుకుని అడిగాను. "నీ ముఖం జూస్తే నెలంతా క్లాసు ఇనాలె" అన్నది.

నా పుట్టినరోజు సంగతీ అంతే. సర్టిఫికెట్‌లో ఉన్నది బడిలో చేర్పించిన రోజు పెద్దసారు తోచింది వేసిన తారీఖు. అసలు తిథి మా అమ్మ కోడలికి చెప్పింది, నాకు చెప్పలేదు. ఏటా నా భార్య ఏదో ఒక మామూలు రోజున పరమాన్నం వండి ముందు పెట్టేది. ఈ రోజేంటని నేనడిగేవాణ్ణి. ఇంత చదువుకున్నవాడికి తను పుట్టిన రోజు తెలియదని ఆమె జాలిపడేది.

ఆమె పోయాక పదోరోజున బామ్మర్ది ఫ్లెక్సీ కట్టించాడు. నిండు చందమామ లాంటి మా అక్క, అని పెద్ద అక్షరాలు. ఆమెది కోలముఖం, అందులోనూ చివరి నెలల్లో దవడలు లోపలికి పోయాయి. ఆ అక్షరాల కింద ఆమె ఫొటో ఎవరిదో ఫొటోలా ఉంది. తీసెయ్యమని అడిగే ఓపిక లేక ఊరుకున్నాను.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం సంగతి చెప్పాలి. శ్రావణ పున్నమి వెళ్లాక వాన పట్టిన వారం. ఆ వారంలో చంద్రుణ్ణి చూసినవాళ్లెవరూ ఉండరు. దవాఖానలో రెండు గుటకలు జావ తాగి కళ్లు మూసుకుంది. నేను మంచం పక్క కుర్చీలో కూర్చుని, ఆమె చేతి మీద చెయ్యి వేసి, రెండో చేత్తో పేపరు పట్టుకుని చదువుకుంటున్నాను. వదిన ఫోన్ చేసింది. "పండుకున్నది వదినా, లేచినంక మాట్లాడిపిస్త" అన్నాను. వినలేదు. "ఫోను దాని చెవి కాడ వెట్టు" అన్నది. పెట్టాను. రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. ఆమె పలకలేదు. మందుల మత్తు అనుకున్నాం ఇద్దరం. నేను మళ్లీ పేపరు తీశాను. సాయంత్రానికి డాక్టరు వచ్చి, నాడి చూసి, తర్వాత గడియారం చూసి, కాగితం మీద సమయం వేశాడు. అది ఆయన చూసిన సమయం. ఆ ఫోనుకూ డాక్టరు రాకకూ నడుమ తదియ పోయి చవితి వచ్చిందని పంచాంగం అంటుంది.

బామ్మర్దికి దవాఖాన కాగితం ప్రమాణం. వదినకు ఆ ఫోను. "ఎంత నిద్రల ఉన్నా నేను పిలిస్తే ఊఁ అనేది. అప్పటికే లేదది" అని ఏడాదిగా అంటూనే ఉంది. చివరికి మా వీధి చివరుండే అయ్యగారి దగ్గరికి వెళ్లాను. అంతా విని ఆయన తేలిగ్గా, "టైము తెల్వకుంటే అమాసనాడు వెట్టొచ్చు సారూ. తిథి తెల్వనోళ్లకు ఆ రోజున్నది" అన్నాడు. ఎవరా తిథి తెలియనివాళ్లని అడిగాను. "ఊరుగాని ఊర్ల పోయినోళ్లు, వాగుల కొట్టుకపోయినోళ్లు, పానం పోయేటప్పుడు దగ్గర ఎవ్వరు లేనోళ్లు."

"నేను దగ్గర్నే ఉన్న" అన్నాను. గొంతు పెరిగిందని ఆయన ముఖం చూశాక తెలిసింది.

"ఉంటే మరి చెప్పుండ్రి" అన్నాడు ఆయన, మెల్లగానే.

ఇంటికి వచ్చి చాలాసేపు కోపంగా తిరిగాను. అయ్యగారి మీద, పంచాంగం మీద, మధ్యాహ్నం పూట మారిన తిథి మీద. డాక్టరు కాగితం ఒప్పుకుంటే సులువు. ఇంకాసేపు బతికున్న మనిషి పక్కన కూర్చుని పేపరు చదివినవాణ్ణవుతాను. కానీ వదిన పిలిచినప్పుడు ఆమె పలకకపోవడం వదిన ఒక్కతే వినలేదు. ఫోను పట్టుకున్నది నేను. ఎన్నో ఏళ్లు పక్కన పడుకున్నవాణ్ణి, ఆమె నిద్ర నాకు తెలుసు. జనగామకు ఫోన్ చేసి తదియే అన్నాను. "అయితే దవాఖానోళ్లు రాసింది అబద్ధమా బావా?" అని అలిగాడు. మళ్లీ తనే, కూరగాయలు ఎన్ని తేవాలని అడిగాడు.

వదినకు చివర చేశాను. గెలిచానని సంబరపడుతుందనో, నేనన్నది నిజమే కదా అని నాలుగు మాటలంటుందనో అనుకున్నాను. "నువ్వన్నట్టే వదినా, తదియనే" అన్నాను. లైను తెగిందేమోనని ఫోను చూసుకున్నాను.

"అంటే నేను పిలిచింది అది ఇనలేదన్నట్టే గద మరిదీ?" అన్నది చివరికి. "నువ్వు ఒక్కసారన్న కాదంటవని ఎదురు జూసిన."

ఇద్దరం ఫోన్లు పట్టుకునే ఉన్నాం, వదిన ఏడుస్తోంది. తిథి కుదిరింది కనుక ఇక ఏటా అది వస్తుంది, ఓసారి ముందుగా, ఓసారి ఆలస్యంగా. ఎవరూ చూడకుండా గడిచిన ఆ కాస్త కాలం మాత్రం ఏ లెక్కలోనూ పడక, ఇంకా గడవకుండానే ఉంది.