లండన్ నుంచి టోక్యోకు ఒక దారం

తొర్రూరు బస్టాండు వెనక సందులో టోపీలు కుట్టే మున్నవర్ బేగం చదివింది మూడో తరగతి. అయితేనేం, బడికి పోయి లెక్కల సారును నిలదీసింది. మాది పక్క ఇల్లే. తోడు రమ్మంటే పోయాను కాబట్టి కళ్లారా చూసిందే చెబుతున్నాను.

ఆమె కూతురు సుమయ్యా తొమ్మిదో తరగతి. మహబూబాబాద్‌లో క్విజ్ పోటీకి బడి నుంచి ఒక్కరినే పంపుతారు. ఆ ఒక్కరిని ఎంచడానికి, లండన్ నుంచి టోక్యోకు విమానం ఎంత దూరం ఎగరాలో ఫోన్ చూడకుండా లెక్క కట్టమన్నారు. సుమయ్యా తొమ్మిది వేల ఆరు వందల కిలోమీటర్లని రాసింది. ఫోన్‌లో చూసి రాసిన దొంగవని లెక్కల జోసెఫ్ సారు క్లాసు ముందే అని, పేరు కొట్టేశారు. పిల్ల అన్నం ముట్టలేదు.

“ఏం సార్, నా బిడ్డ దొంగనా?” అంది మున్నవర్, పిల్లను వెంటబెట్టుకుని స్టాఫు గదిలో అడుగు పెట్టగానే.

“జర ఆగమ్మా. గోడ మీది మ్యాపుల నేనే కొలిచిన. పదిహేను వేలు దాటింది. అందరికీ గంతే వచ్చింది. నీ బిడ్డకే ఫోన్ల ఉన్న అంకె ఎట్లొచ్చె?”

“గ్లోబు మీద దారం పెట్టిన సార్,” అంది సుమయ్యా నేల చూస్తూ.

“తల ఎత్తి చెప్పవే!” అని కసిరి, మున్నవర్ సంచిలోంచి గుడ్డముక్క తీసి బల్ల మీది గ్లోబుకు కప్పింది. చుట్టూ ముడతలు పడ్డాయి.

“జూడుండ్రి సార్. గుండ్రటి దానికి సాపు గుడ్డ కూసోదు. అందుకే టోపీ పైభాగం ముక్కలు కోసి కుడతం. మీ మ్యాపుల ముడతలేవి? పైన గుంజి సాపు చేసిండ్రు. గుంజిన గుడ్డను కొలిస్తే ఎక్కువ రాదా?”

లండన్ నుంచి టోక్యోకు దారం బిగించింది. అది రష్యా మీదుగా పోయింది. ఆ దారాన్నే గ్లోబు నడుము చుట్టూ పెట్టుకుంటూ పోతే నాలుగుసార్లు పట్టి, ఇంకా కొంచెం జాగా మిగిలింది.

“చుట్టుకొలత నలభై వేలు సార్,” అంది సుమయ్యా. ఈసారి తల ఎత్తే ఉంది.

సారు కాగితం మీద భాగించుకున్నారు. తొమ్మిది వేల ఆరు వందల దగ్గరే తేలింది.

“సరే, మార్కు ఏస్త. కానీ పోటీకి పోయేటోళ్ల పేరు టైపయింది. వచ్చే ఏడు…”

మున్నవర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. “మల్ల టైపు కొట్టుండ్రి. నాకేం తొందర లేదు.”

మళ్లీ టైపు కొట్టారు. సుమయ్యా పేరు ఎక్కింది. పోదాం పదమని నేను కొంగు లాగాను. ఆమె కదిలితేనా!

“మార్కు గీ గదిల ఏసిండ్రు. దొంగ అన్నది క్లాసుల. గా మాట గాడనే వాపసు తీసుకోవాలె సార్.”

జోసెఫ్ సారు చెమట తుడుచుకుని, గ్లోబు చంకన పెట్టుకుని తొమ్మిదో తరగతి వైపు నడిచారు. వెనకాలే సుమయ్యా, దాని వెనకాల తల్లి.