మేకు లేని పాకలో ఒక పిన్నీసు

మా ఫిజిక్స్ మేడమ్ పోయారు. ఆదివారం పొద్దున రేపల్లె నుంచి వాళ్ళ తమ్ముడు గారు ఫోన్ చేసి చెప్పారు. "అక్క వెళ్ళిపోయిందమ్మా. చర్చికి టైమవుతోందని లేపబోతే తెలిసింది" అన్నారు. తర్వాత "రేపు మధ్యాహ్నం మట్టి చేద్దామనుకుంటున్నాం. నువ్వొస్తావని మావాళ్ళకి చెప్పేశాను" అన్నారు.

ఆవిడ మాకు బాపట్లలో ఎమ్మెస్సీ చెప్పారు. తొంభైల మొదట్లో మాట. అంతకు ముందు కొన్నేళ్ళు దూరాన ఒక పెద్ద ఊళ్ళో, అంతరిక్ష నౌకలకు మాగ్నెటోమీటర్లు తయారుచేసే లాబ్‌లో పనిచేశారు. మాగ్నెటోమీటర్ అంటే తన చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎంత ఉందో, ఎటు ఉందో కొలిచి చెప్పే పరికరం. వాళ్ళ నాన్నగారు మంచాన పడితే, అమ్మ ఒక్కతే చూసుకోలేకపోతోందని ఆ ఉద్యోగం వదిలేసి ఇటు వచ్చేశారు. అంత మంచి పని ఎలా వదిలారు మేడమ్ అని మేం అడిగితే, "భూమి అక్కడొక్కచోటే ఉందా ఏంటి? ఇక్కడ కూడా లాగుతూనే ఉందిగా" అనేవారు. నవ్వుతూనే అనేవారు గానీ, ఆ మాట తర్వాత బోర్డు వైపు తిరిగిపోయేవారు.

చేతికి వాచీ ఉండేది కాదు. జడకు పిన్నులుండేవి కావు, దారంతో ముడేసుకునేవారు. పైటకు పెట్టుకునేది ఇత్తడి పిన్ను. హ్యాండ్‌బ్యాగులో మాత్రం ఒక చిన్న అయస్కాంతం తిరుగుతుండేది. దాన్ని బయటికి తీశారంటే ఎవరో ఒక కొట్టువాడికి మూడిందన్నమాటే. ఒకసారి తెనాలిలో రైలు మారేటప్పుడు ఇత్తడి మరలు కొనాలని నన్ను వెంటబెట్టుకుని బజారుకు తీసుకెళ్ళారు. కొట్టతను పొట్లం కట్టబోతుంటే ఆపి, గల్లాబల్ల మీద మరలన్నీ పోయించి, ఒక్కొక్కదానికీ అయస్కాంతం ఆనించి చూడటం మొదలుపెట్టారు. కొన్ని టపటపా అతుక్కున్నాయి. "ఇవి ఇనుమండి బాబూ, పైన పూతేశారు" అన్నారు.

"మేడమ్ గారూ, ఇది బంగారం కొట్టు కాదండి" అన్నాడతను, వెనక నిలబడ్డ బేరాల వంక దిగులుగా చూస్తూ.

"బంగారమైతే ఇంత చూడనండి. అది అతుక్కోదుగా" అన్నారావిడ. అతను నవ్వాలో ఏడవాలో తెలియక ఇంకో డబ్బా తెచ్చి పెట్టాడు.

పాఠం చెప్పడంలో ఆవిడకు సిగ్గూ బిడియం ఉండేవి కావు. క్లాసులో చెక్క స్కేలు భుజాన పెట్టుకుని కావడి మోస్తున్నట్టు నడిచి చూపించేవారు. పరికరంలో ఒక చిన్న లోహపు ఉంగరం ఉంటుంది, దానికి తీగ చుడతారు. తీగలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే ఉంగరం కూడా ఒకసారి ఇటు, ఒకసారి అటు అయస్కాంతమవుతుంది. ప్రతిసారీ ఇక పట్టనంతగా నిండుతుంది. బయట ఏ క్షేత్రమూ లేకపోతే రెండు వైపులా సమానం, కావడి ఎటూ వాలదు. బయటి నుంచి ఏ కాస్త లాగినా ఒకవైపు ముందు నిండుతుంది. "ఒక కుండలో చెంబుడు నీళ్ళు ఎక్కువైతే మోసేవాడి భుజానికి తెలుస్తుందా లేదా? ఆ భుజం పని ఇక్కడ రెండో తీగచుట్ట చేస్తుంది" అని, స్కేలు ఒకవైపుకు వాల్చి, పైట సర్దుకుని, మళ్ళీ లెక్కల్లోకి వెళ్ళిపోయేవారు. ఆ లెక్కలు మరిచిపోయినవాళ్ళు మా బ్యాచ్‌లో చాలామందే ఉన్నారు. ఆ కావడి నడక మరిచిపోయినవాళ్ళు లేరు.

ఆవిడ ప్రాణమంతా అసలు కొలతకు ముందు చేసే పని మీదే ఉండేది. తయారుచేసిన పరికరాన్ని నమ్మకూడదు, ముందు దానికి పరీక్ష పెట్టాలి. రెండు పెద్ద తీగచుట్టలు ఎదురెదురుగా నిలబెట్టి, తెలిసినంత కరెంటు పంపితే మధ్యలో తెలిసినంత క్షేత్రం పుడుతుంది. మన మీటరు ముల్లు కూడా అంతే చూపిస్తోందా? చూపించకపోతే ఎంత తేడా? ఇంకొకటి, ఏ పరికరానికైనా సొంత గుణం కొంత ఉంటుంది, కొలవడానికేమీ లేనప్పుడు కూడా ముల్లు సున్నా దగ్గర నిలబడదు. ఆ సొంత గుణాన్ని పట్టుకోవాలంటే పరికరాన్ని ఒక దిక్కున పెట్టి చదివి, సరిగ్గా వెనక్కి తిప్పి మళ్ళీ చదవాలి. తిప్పినప్పుడు తిరగబడేది లోకానిది. ఎటు తిప్పినా మారకుండా ఉండిపోయేది పరికరానిది. అంతరిక్షంలో చేత్తో తిప్పడానికి మనిషి ఉండడు కాబట్టి అక్కడ నౌకనే తిప్పుతారు. నౌకలోని మోటార్లూ కరెంటూ చేసే గోల తగలకుండా పరికరాన్ని పొడుగాటి చెయ్యి చివర కట్టి దూరంగా ఉంచుతారు.

ఈ తిప్పి చూడటాన్ని ఆవిడ పాఠానికే వదిలిపెట్టలేదు. హాస్టల్లో రూమ్మేటు మంచిది కాదని ఏడుస్తూ వెళ్తే, "తిప్పి చూశావా?" అనేవారు. అంటే గది మారి చూశావా అని. గది మారినా అదే ఏడుపైతే అది రూమ్మేటుది కాదు, నీదే. నాకు ఒళ్ళు మండేది. కానీ గది మారాక ఆవిడ మాటే నిజమని తేలింది, అందుకు ఇంకా మండింది.

ఇక అసలు సంగతి. ఆఖరి ఏడాది మా నలుగురమ్మాయిల చేత ఆవిడ నిజంగానే ఒక మాగ్నెటోమీటర్ చేయించారు. ఉంగరాన్ని పాత లాబ్‌లోని స్నేహితుల్ని అడిగి తెప్పించారు. తెలిసిన ప్రయోగమేదో చేయించొచ్చుగా అని ప్రిన్సిపాల్ గారు గొణిగితే, పూచీ తనదన్నారు. సోమవారం బయటి ఎగ్జామినర్ వస్తున్నారు. మా నలుగురి మార్కులూ దాని మీదే ఉన్నాయి. నాకైతే ఇంకా ఎక్కువ. మేడమ్ వదిలేసి వచ్చిన పనిలోకి ఎలాగైనా వెళ్ళాలని నాకప్పటికే పిచ్చి పట్టింది. ఆ మార్కులు రాకపోతే ఆ లాబ్ వాళ్ళు నా దరఖాస్తు వైపు కూడా చూడరు.

బాపట్లలో పరీక్ష పెడదామంటే కుదరలేదు. కరెంటు రైలు వెళ్ళినప్పుడల్లా ముల్లు గంతులేసేది. అందుకని శనివారం తొలి బండికే సామానంతా మోసుకుని తెనాలిలో రైలు మారి రేపల్లె చేరాం. అక్కడ ఊరి బయట వాళ్ళ పొలంలో ఒక పశువుల పాక ఉంది. తాటిదూలాలు, పైన రెల్లుగడ్డి, అన్నీ తాటినారతో కట్టినవే, వెతికినా ఒక్క మేకు కనబడదు. "మా నాన్న కట్టించిన లాబ్ ఇది" అన్నారు మేడమ్. తమ్ముడు గారు ఎద్దుల్ని దూరంగా తోలుకెళ్ళారు, వాటి కాళ్ళకు ఇనుప నాడాలుంటాయి కదా. సైకిలు గట్టు అవతల పడేశారు. మా జడపిన్నులూ తాళంచెవులూ అన్నీ ఒక తువ్వాల్లో మూటగట్టి చింతచెట్టు కిందికి పంపించారు.

పొద్దున అంతా చక్కగా సాగింది. మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని, పరికరం బిగించిన చెక్కదిమ్మ తిప్పుతున్నారు, దూరంగా మీటరు దగ్గర మేం చదువుతున్నాం. ఇంతలో వాళ్ళమ్మ గారు మజ్జిగ తెచ్చారు. మేమంతా మామ్మ గారనేవాళ్ళం.

"అమ్మా, ఆ కేను అక్కడే దించు!" అని కేకేశారు మేడమ్.

"నీ సోకు తగలెయ్య, మజ్జిగ్గూడా అంటేనా?" అంటూ ఆవిడ కేను గట్టు మీద దించి వట్టిచేతుల్తో వచ్చారు. కాసేపు కూతురి వంక చూశారు. పొద్దున పెట్టుకున్న ఇత్తడి పిన్ను ఎప్పుడో ఊడిపోయింది. "ఒంగుని ఒంగుని పైటెటు పోతుందో కూడా చూసుకోవేంటే" అని గొణుక్కుంటూ, తన సూత్రానికి వేలాడుతున్న పిన్నీసు తీసి, వెనక నుంచి కూతురి ఎడమ భుజం మీద పెట్టి మళ్ళీ గట్టు మీదికి వెళ్ళిపోయారు. మేడమ్ కళ్ళు దిమ్మ మీదే ఉన్నాయి. నేను చూశాను గానీ ఏమీ అనుకోలేదు. అమ్మలన్నాక పిన్నీసులు పెడతారు కదా.

అక్కణ్ణుంచి సున్నా చెడిపోయింది. తిప్పిన ప్రతిసారీ ఒక్కో లెక్క వస్తోంది. ఎండ వేడికేమోనని తడిగుడ్డ కప్పాం. అతుకులన్నీ చూశాం, బ్యాటరీ మార్చాం, ఎద్దుల్ని ఇంకా దూరం తోలించాం. మధ్యాహ్నమైంది. మా జట్టులో ఒకమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. మేడమ్ ముఖం వాడిపోయింది, "నేనే మీ చేత పెద్ద పని ఎత్తించానేమోనర్రా" అంటూ మజ్జిగ తాగడానికి గట్టు మీదికి వెళ్ళారు. ఆవిడ లేనప్పుడు ఊరికే దిమ్మ తిప్పి చూశాం. సున్నా కుదురుగా నిలబడింది. ఆవిడ తిరిగొచ్చి వంగారు, మళ్ళీ జరిగిపోయింది.

నాకు అర్థమైంది. పొద్దున్నుంచీ మా జడపిన్నులు కూడా ఊడబెరికించిన మనిషితో, తప్పు మీ దగ్గరే ఉందండి అని ఎలా అనడం? అనకపోతే సోమవారం ఏం చేయడం?

"మేడమ్, మీరు దగ్గరికొస్తేనే మారుతోందండి" అన్నాను చివరికి.

"నేనా?" అని ఒంటిమీద తడుముకున్నారు. "నా దగ్గరేం లేదే."

"పొద్దున మామ్మ గారు మీ పైటకి పిన్నీసు పెట్టారండి."

చెయ్యి భుజం మీదికి వెళ్ళింది, పిన్నీసు తగిలింది. తీసేస్తారనుకున్నాం, తీయలేదు. "నువ్వన్నావని తీసేస్తే ఎలాగ? కొలు" అన్నారు. పిన్నీసుతో దగ్గరికొచ్చారు, దూరం జరిగారు, మళ్ళీ వచ్చారు. దాన్ని తీసి అవతలికిచ్చి మళ్ళీ వచ్చారు. ముల్లు అంతా చెప్పేసింది. అప్పుడు ఆవిడ గడ్డి మీద చతికిలబడి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"మా అమ్మ నన్ను ఇటు లాగుతోందని తెలుసు గానీ, ఎంత లాగుతోందో ఇవాళే కొలిచామర్రా" అన్నారు.

గట్టు మీద నుంచి మామ్మ గారు కోపంగా అరిచారు. "నేనేం లాగానే? పైట జారుతుంటే పెట్టా!"

సోమవారం ఎగ్జామినర్ గారు ఈ సున్నాని నమ్మొచ్చా అని అడిగారు. రైళ్ళు లేని వేళ చూసుకుని నేను తిప్పి చూపించాను. మేడమ్ గుమ్మం అవతలే నిలబడిపోయారు, ఒంటి మీద ఇనుపముక్క లేకపోయినా లోపలికి రాలేదు. మార్కులు బాగానే వచ్చాయి. నేను ఆ పనిలోకే వెళ్ళాను, ఇప్పటికీ అదే నా పని. మొదటిరోజు అక్కడి తలుపు దగ్గర ఇనుమంతా తీసి బయట పెట్టమంటే, నా దగ్గర తీయడానికి ఏమీ లేదు. నాకు అన్నం పెడుతున్నది ఆవిడ పాఠమే. ఆ సంగతి ఆవిడకు చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా "సరే సరే, తిన్నావా?" అనేవారు.

తొంభైల చివర్లో ఒకసారి కాలేజీకి వెళ్ళాను. మామ్మ గారు అప్పటికి పోయారు. లాబ్‌లో కొత్త పిల్లలు మేం చేసిన పరికరం చుట్టూ మూగి ఉన్నారు. మేడమ్ అగ్గిపెట్టె తెరిచి, కాస్త తుప్పు పట్టిన పిన్నీసొకటి తీసి మెల్లగా దగ్గరికి తెచ్చారు. ముల్లు కదిలింది. "అదిగో, మా అమ్మొచ్చింది" అన్నారు. పిల్లలు నవ్వారు, ఆవిడా నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగాను.

మొన్న సోమవారం రేపల్లెలో ఆవిడను పెట్టెలో పెట్టే ముందు చీర సర్దే పని మా మీద పడింది. లోపల మేం ముగ్గురం పాత విద్యార్థులం, వరసకు ఆవిడకు పిన్ని అయ్యే ముసలావిడ ఒకరు. పైట మడతలు నిలవడం లేదు. "ఓ పిన్నీసివ్వండమ్మా" అన్నారు పిన్నిగారు. ముగ్గురి చేతులూ ముగ్గురి మెడల మీదికి వెళ్ళి, వట్టివే తిరిగొచ్చాయి.

"ఒంటి మీద పిన్నీసు లేని ఆడోళ్ళేంటర్రా మీరు!" అని ఆవిడ విసుక్కున్నారు. మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఆ గదిలో నవ్వకూడదు, కానీ నవ్వొచ్చేసింది. నవ్వుతూనే ముగ్గురం ఏడ్చాం.

గుమ్మం దగ్గర తమ్ముడు గారు అంతా విన్నారు. పక్కగదిలోకెళ్ళి, ఆవిడ బల్ల సొరుగులోంచి అగ్గిపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు. పిన్నీసు తుప్పుకు బిగుసుకుపోయింది, గోటితో విప్పాల్సి వచ్చింది. మడతలు సర్ది ఎడమ భుజం మీద, మామ్మ గారు పెట్టిన చోటే పెట్టాను. ఇక కొలవాల్సిందేమీ లేదు. పైట జారలేదు.