ఎడమ కంటికి మూడు టిక్కులు

ఆ కళ్ళజోళ్ళ షాపులో అందరూ ఆవిడని చుక్కలావిడ అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చేసే పని చుక్కలు పెట్టడమే. మీరు ఫ్రేము ఎంచుకున్నాక ఎదురుగా స్టూలు మీద కూచుంటుంది. స్టూలుని తిప్పి తన కళ్ళు సరిగ్గా మీ కళ్ళ ఎత్తుకి తెచ్చుకుంటుంది. "నా కళ్ళలోకి చూడండి" అని, ఫ్రేములో ఉన్న ఉత్తుత్తి అద్దం మీద, నల్లగుడ్డు నడిమధ్యకి వచ్చేలా సన్నటి పెన్నుతో ఒక చుక్క, రెండో కంటికి ఇంకో చుక్క పెడుతుంది. వాటిని బట్టే అసలు అద్దాలు కోస్తారు. చుక్క గింజంత పక్కకి పోయిందా, మనిషికి తలనొప్పి మొదలు. మెట్లు దిగబోతే మెట్టు ఒకచోట, కాలు ఒకచోట. ఆవిడ చుక్క తప్పిందని అద్దాలు వాపసు తెచ్చినవాళ్ళు ఇన్నేళ్ళలో నలుగురు కూడా లేరు. ఈ మాట ఆవిడే చెప్పుకునేది, మొన్నటిదాకా.

చుక్కలు కాక ఇంకో పని కూడా ఉంది. షాపు వెనక ఒక బల్ల, ఒక అద్దం, ఒక సింకు పట్టేంత గది. కాంటాక్ట్ లెన్సులు తీసుకున్నవాళ్ళకి కంట్లో పెట్టుకోవడం, తీయడం అక్కడ నేర్పాలి. దానికో రూలుంది. ఒక్కో కంటికి మూడుసార్లు సొంత చేత్తో పెట్టుకోవాలి, సొంత చేత్తో తీయాలి. పెట్టి తీసిన ప్రతిసారీ కార్డు మీద ఒక టిక్కు. రెండు కళ్ళకీ ఆరు టిక్కులు పడితేనే లెన్సులు ఇంటికి వెళతాయి. కార్డు షాపులో ఉంటుంది, దాని నకలు వాళ్ళ చేతికిస్తారు.

బేకరీ ఆవిడ వచ్చింది ఒక శనివారం పొద్దున. పదహారేళ్ళుగా రొట్టెల పొయ్యి దగ్గర పని. నలభై మూడేళ్ళుంటాయి. సోడాబుడ్డి అద్దాలు. ఎడమ మణికట్టు మీద ఇంకా పచ్చిగా కాలిన మచ్చ.

"పొయ్యి తలుపు తీయగానే జోడు మీద ఆవిరి కమ్మేస్తుందండీ. ట్రే ఎక్కడుందో, నా చెయ్యి ఎక్కడుందో తెలీదు. మొన్న ఇదిగో, ఇలా అయింది," అని మణికట్టు చూపించింది. "లెన్సులైతే ఆవిరి పట్టదంటగా?"

పై గదిలో కళ్ళ డాక్టరు పరీక్ష చేసి రెండూ చెప్పాడు. "లెన్సులు పెట్టుకోవచ్చు. కానీ పిండిలో పని. చేతులు శుభ్రంగా కడుక్కోకుండా కన్ను ముట్టుకోకూడదు. జోడైతే ఆ గొడవ లేదు, ఆవిరి బాధ తప్పదు. ఆలోచించుకో అమ్మా."

ఆవిడ కిందికొచ్చి పావుగంట ఆలోచించింది. ఒకసారి కొత్త ఫ్రేము పెట్టుకుని చూసుకుంది, తీసేసింది. చివరికి, "లెన్సులే ఇవ్వండి. ఆవిరికి కళ్ళున్నా గుడ్డిదాన్నే అవుతున్నా," అంది. ఇంతవరకూ ఎవరి తప్పూ లేదు.

వెనక గదిలో కుడి కన్ను గంటలోపే దారికొచ్చింది. మూడుసార్లు పెట్టుకుంది, మూడుసార్లు తీసింది. చిన్నపిల్లలా నవ్వింది కూడా. ఎడమ కన్ను దగ్గర వ్యవహారం ఆగిపోయింది. పెట్టుకోవడం ఎలాగో అయింది గానీ తీయడం రాలేదు. లెన్సుని వేలితో తెల్లగుడ్డు మీదికి జరిపి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిటికె పట్టినట్టు తీయాలి. పదహారేళ్ళు వేడి ట్రేలు పట్టిన వేళ్ళవి. కొసలు మొద్దుబారిపోయాయి. ఉల్లిపొర కన్నా పల్చని లెన్సు వేళ్ళ మధ్యకి వచ్చిందో, కంట్లోనే ఉందో ఆవిడకి తెలియడం లేదు.

"వచ్చిందా అండీ?"

"రాలేదమ్మా. మళ్ళీ చూడండి."

"ఇప్పుడు?"

"ఉహూఁ."

అప్పటికి ఒంటిగంట దాటింది. బల్ల మీద ఫోను మోగింది. చుక్కలావిడ భర్త. బయట స్కూటరు మీద ఉన్నాడు.

"ఇంకా ఎంతసేపే? రెండింటికి ఆ టైల్స్ కొట్టువాడు మూసేస్తాడు. మళ్ళీ సోమవారం దాకా తీయడు. ఇంట్లో బాత్రూం తవ్వి పారేసి వారం అయింది. నీకు నచ్చిన రంగు నువ్వే చూసుకోవాలి, తర్వాత నన్నంటే ఊరుకోను."

"వస్తున్నా, వస్తున్నానండీ. రెండు నిమిషాలు."

బేకరీ ఆవిడ కంగారుపడింది. "నా వల్ల మీకు ఆలస్యం అవుతున్నట్టుంది."

"అదేం లేదులెండి. ఇటు చూడండి." చుక్కలావిడ తన చేత్తోనే ఎడమ కంట్లోంచి లెన్సు తీసేసింది. తనకది రెప్పపాటు పని. "ఇంటి దగ్గర తీరిగ్గా అద్దం ముందు కూచుంటే అదే వచ్చేస్తుంది. అందరికీ మొదట్లో ఇంతే." అంటూనే కార్డు లాక్కుని ఎడమ కన్ను అన్నచోట టిక్కు, టిక్కు, టిక్కు. మూడు టిక్కులకీ ఒక్క సెకను పట్టింది. కింద సంతకం.

టైల్స్ దొరికాయి. లేత నీలం, అంచున సన్నటి తెల్ల గీత. మొగుడు కూడా బాగున్నాయన్నాడు, అది అరుదు.

మూడు వారాల తర్వాత డాక్టరు మెట్లు దిగి వచ్చి, కౌంటరు మీద మోచెయ్యి ఆనించి చెప్పాడు. బేకరీ ఆవిడ పెద్దాసుపత్రిలో ఉంది. ఎడమ కంటి లెన్సు మడతపడి పైరెప్ప కింద ఇరుక్కుపోతే నాలుగు రోజులు అలాగే ఉంచుకుంది. నలుపుకుంది, కుళాయి నీళ్ళతో కడుక్కుంది. పుండు పడింది. మానుతుంది గానీ నల్లగుడ్డు మీద మచ్చ ఉండిపోతుంది.

"కార్డు చూశాను," అన్నాడు. "మూడుసార్లు చేయించావుగా?"

చుక్కలావిడ చేతిలో ఒక ఫ్రేము ఉంది. దాని కాడ మడిచింది, తెరిచింది.

"చేయించానండీ."

"అయితే మన తప్పేం లేదు. కొందరికి ఎంత నేర్పినా అంతే." ఆయన పైకి వెళ్ళిపోయాడు.

మొదటిది తొందరలో జరిగిపోయింది. రెండోదానికి ఆ సాకు కూడా లేదు. అడిగారు, టైముంది, పక్కన ఎవరూ లేరు, అయినా అబద్ధమే చెప్పింది. ఆ రోజు నుంచి చుక్కలావిడకి స్నానాలగది పరమ అసహ్యమైపోయింది. తలుపు తీస్తే నాలుగు గోడలా ఆ నీలమే. గబగబా నాలుగు చెంబులు పోసుకుని వచ్చేసేది.

"ఏమే, అంత డబ్బు పోసి టైల్స్ వేయిస్తే లోపల రెండు నిమిషాలైనా ఉండవేంటి?" అన్నాడు మొగుడు.

"పనుంది," అనేది.

ఆసుపత్రికి వెళ్ళి చూసొద్దామని రెండుసార్లు బయల్దేరింది. ఒకసారి గేటు దాకా వెళ్ళింది కూడా. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక వెనక్కి వచ్చేసింది. షాపులో కొత్తగా లెన్సుల కోసం వచ్చినవాళ్ళకి ఇప్పుడు మూడు కాదు, ఐదుసార్లు చేయించేది. వాళ్ళు విసుక్కునేవాళ్ళు.

ఇంకో ఐదు వారాలకి బేకరీ ఆవిడే షాపుకి వచ్చింది, జోడు చేయించుకోవడానికి. వెంట ఆడపడుచు. ఈ ఆడపడుచు కుర్చీలో కూచోలేదు. వచ్చీరాగానే అద్దం ముందు నిలబడి, తనకి అవసరం లేకపోయినా ఒక్కో ఫ్రేమూ పెట్టుకుని చూసుకోవడం మొదలుపెట్టింది.

"మా వదినకి గట్టి ఫ్రేమివ్వండి," అంది అద్దంలోకి చూస్తూనే. "పల్చటిదిస్తే దాన్నీ రెప్ప కింద పెట్టుకుంటుంది."

బేకరీ ఆవిడ నవ్వబోయి మానేసింది. చుక్కలావిడని చూసి మాత్రం, "బాగున్నారా అండీ? ఆ రోజు మీకు చాలా ఆలస్యం చేశాను," అంది.

చుక్కలావిడ తల ఊపి ఫ్రేముల ట్రే తెచ్చింది. ముక్కు మీద బరువు పడనివి, కాడలు చెవి వెనక బాగా వంగేవి ఏరి ఇచ్చింది. నాలుగోది కుదిరింది. ఇక చుక్కలు పెట్టాలి.

స్టూలు తిప్పి, ఎత్తు సరిచూసుకుని కూచుంది.

"నా కళ్ళలోకి చూడండి."

కుడి కంటికి చుక్క పడింది. ఎడమ కన్ను దగ్గరికి వచ్చేసరికి ఆ మచ్చ కనపడింది. నల్లగుడ్డు మీద, నడిమికి కాస్త కిందగా, పాలచుక్కలా. పెన్ను ఆనించింది. చుక్క పక్కకి పోయింది. గుడ్డతో తుడిచింది.

"ఏమండీ, కన్ను కదిలిందా?" అంది బేకరీ ఆవిడ, తనే తప్పు చేసినట్టు.

"లేదమ్మా. అలాగే ఉండండి."

"దాన్తో ఎలా కనపడుతుందంటే, పిండి చల్లిన గాజులోంచి చూసినట్టుంటుంది. పర్లేదు, రెండోది ఉందిగా. పొయ్యి పని మాత్రం తీసేశారు. ప్యాకింగు బల్ల దగ్గర వేశారు."

"తీసెయ్యరూ మరి?" ఆడపడుచు ఎర్ర ఫ్రేములోంచి తిరిగి చూసింది. "ఓనరు మొహం మీదే అనేశాడు. మూడేసిసార్లు నేర్పి, కార్డు మీద రాసిచ్చినా ఒంటికి పట్టనిదానికి పొయ్యెలా అప్పజెప్పమంటావు అని. మాకు తలవంపులు కాదా?"

"నిజమే కదండీ," అంది బేకరీ ఆవిడ మెల్లగా. కళ్ళు మాత్రం కదపలేదు. కదపొద్దన్నారు కాబట్టి. "మొదట్లో ఎలాగో గిల్లి తీసేదాన్ని. నాలుగో రోజో ఐదో రోజో, తీశాననే అనుకున్నా. వేళ్ళకి తెలీదుగా. సింకులో జారిపోయిందనుకున్నా. కన్ను మండుతుంటే మీకు ఫోను చేద్దామని కార్డు తీశాను, నంబరు దాని మీదే ఉందిగా. చూస్తే ఎడమ కంటికి మూడు టిక్కులు. ఆ రోజు తీయడం వచ్చినట్టు నాకు గుర్తులేదు. మీరు రాశారంటే వచ్చే ఉంటుంది, నాకే బుర్ర పనిచెయ్యలేదు అనుకున్నా. వచ్చిన పనిని మళ్ళీ రాదని ఎలా చెప్పను? సిగ్గేసి ఊరుకున్నా."

రెండోసారి పెట్టిన చుక్క కూడా పక్కకి పోయింది. చుక్కలావిడ తుడిచి, పెన్నుకి మూత పెట్టేసింది.

"మీకు రాలేదమ్మా," అంది.

"ఏంటండీ?"

"ఎడమ కన్ను. మీకు ఒక్కసారి కూడా రాలేదు. నేనే తీశాను. టిక్కులు నేను ఊరికే పెట్టేశాను."

ఆడపడుచు ఎర్ర ఫ్రేము తీసి చేత్తో పట్టుకుంది. కౌంటరు అవతల బిల్లు రాస్తున్న అతను తలెత్తాడు. బేకరీ ఆవిడ ఇంకా కళ్ళలోకే చూస్తోంది. చూపు తిప్పుకోవడానికి చుక్కలావిడకి సందు లేదు. రెండు స్టూళ్ళ మధ్య జానెడు దూరం.

"ఎందుకు?"

"ఇంటికి వెళ్ళే తొందర. మా ఆయన బయట ఉన్నాడు."

"ఒంట్లో బాలేదా ఆయనకి?"

ఔనంటే సరిపోయేది. "కాదు. బాత్రూంకి టైల్స్ కొనాలి. కొట్టు మూసేస్తారని."

బేకరీ ఆవిడ మణికట్టు మీద మానిన మచ్చని బొటనవేలితో రాసుకుంది.

"ఏ రంగు?" అంది చివరికి.

"నీలం."

"మనిషి కన్ను పోగొట్టి స్నానాలగది కట్టుకున్నావా?" ఆడపడుచు గొంతు షాపంతా మోగింది. "ఎనిమిది వారాలు! ఎనిమిది వారాలుగా దీన్ని మేమంతా మొద్దు మొద్దని తిడుతున్నాం!"

"నువ్వు కాస్త ఆగు," అంది బేకరీ ఆవిడ, ఆ కుటుంబంలో బహుశా మొదటిసారి. సంచీలోంచి కార్డు తీసింది. నాలుగు మడతలు పెట్టి దాచుకుంది. బల్ల మీద పరిచి చదును చేసింది. "ఇప్పుడు చెప్పింది దీని మీద రాసివ్వండి. మా ఓనరుకి చూపించాలి."

చుక్కలావిడ ఎడమ కంటి మూడు టిక్కులూ కొట్టేసి, పక్కన రాసింది: 'నేర్పకుండా టిక్కు పెట్టింది నేను. ఆవిడ తప్పు లేదు.' సంతకం, తేదీ. అక్షరాలు వంకర పోయాయి. బేకరీ ఆవిడ కార్డుని కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివింది. మళ్ళీ మడిచి సంచీలో పెట్టుకుంది.

"ఇక చుక్క సరిగ్గా పెట్టండి," అని కళ్ళు పెద్దవి చేసి కూచుంది.

మూడోసారి చుక్క సరిగ్గా పడింది.

వాళ్ళు వెళ్ళాక చుక్కలావిడ మెట్లెక్కి డాక్టరుకీ, తర్వాత షాపు యజమానికీ అదే చెప్పింది. డాక్టరు "అప్పుడు అడిగాను కదమ్మా," అన్నాడు. యజమాని వెనక గది తాళంచెవి తీసేసుకున్నాడు. లెన్సుల పని ఇంక ఇవ్వనన్నాడు. బేకరీ ఆవిడ జోడు ఇచ్చేదాకా ఉండమని, తర్వాత ఉద్యోగం ఉంచాలా తీసెయ్యాలా ఆలోచిస్తానన్నాడు.

పది రోజులకి జోడు వచ్చింది. బేకరీ ఆవిడ ఒక్కతే వచ్చింది. చుక్కలావిడని చూసి ఒక్క క్షణం గుమ్మంలో ఆగింది. బిల్లు రాసే అతను లేచి, "నేను చూస్తానమ్మా," అన్నాడు.

"ఆవిడకి పని వచ్చుగా. ఆవిడనే చెయ్యనీ."

చుక్కలావిడ జోడు పెట్టింది. దూరం బోర్డు చదివించింది, దగ్గర అక్షరాలు చదివించింది. కాడలు చెవి వెనక చూసింది.

"జారుతోందా అమ్మా?"

"ఊరికే కూచుంటే జారదు. వంగితే జారుతుందేమో. పొయ్యి దగ్గర వంగాలిగా."

"పొయ్యి ఇచ్చారా?"

"మధ్యాహ్నం షిఫ్టు ఒక్కటి. ఓనరు కార్డు చదివి, నా చేతిలో అట్టపెట్టె తీసి పక్కన పెట్టి పొయ్యి వైపు చూపించాడు. అది చాలు నాకు." ఆవిడ నవ్వలేదు. "మిమ్మల్ని మంచిగా అనుకోమని మాత్రం అడక్కండి. నావల్ల కాదు."

"అడగనమ్మా."

"ఆవిరి సంగతేం చెయ్యాలి?"

"తలుపు కాస్త తీసి, మొహం పక్కకి పెట్టి పది అంకెలు లెక్కపెట్టండి. ఆవిరి పోయాక పూర్తిగా తీయండి. ఒక్క ట్రేకి పది అంకెలు ఆలస్యం. అంతే." ఆ మాట మొదటి శనివారమే ఎందుకు చెప్పలేదో చుక్కలావిడకే తెలియలేదు. "ఒకసారి వంగండి, ట్రే లాగుతున్నట్టు."

బేకరీ ఆవిడ షాపు నడిమధ్య మోకాళ్ళ దాకా వంగి, రెండు చేతులూ చాచి, లేని ట్రేని బయటికి లాగింది. జోడు కదల్లేదు.

"మళ్ళీ."

మళ్ళీ వంగింది. నిలబడింది.

"ఇంకోసారి."

"రెండుసార్లు బాగానే ఉందిగా?"

"మూడోసారి కూడా వంగండమ్మా."

బేకరీ ఆవిడ ఆమెని అద్దాల పైనుంచి చూసింది. "ఇప్పుడు మాత్రం బానే లెక్కపెడుతున్నారు," అంది, అని వంగింది.

మూడోసారికి జోడు ముక్కు మీంచి వెంట్రుకవాసి జారింది. చుక్కలావిడ రెండు చేతులతో దాన్ని తీసి, కాడని వేడి చేసి ఇంకాస్త వంచడానికి బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది.