ఒక్కటి నా కాడ ఉండనీ

ఆమెను నేను మూడేళ్లు అనుమానించాను. బొమ్మకార్డులు అచ్చువేసే చిన్న కంపెనీలకు, ఆ కార్డులు దాచుకునే డబ్బాలు నేను డిజైన్ చేస్తాను. నిజామాబాద్‌లో నేను గీసినదాన్ని బోధన్‌లో ఈ అక్క అట్టతో చేసి ఇచ్చేది. ప్రతిసారీ కార్డులు నింపిన డబ్బా ఒకటి బీరువాలో పెట్టేసుకునేది.

"ఒక్కటి నా కాడ ఉండనీ తమ్మీ."

ఎందుకో చెప్పేది కాదు. నా డిజైన్లు ఇంకెవరికో ఇస్తోందనుకున్నాను. దుకాణాల్లో కొత్త డబ్బా కనబడితే చాలు, తిప్పి తిప్పి చూసేవాణ్ణి.

ఒక ముసురు రోజు ఉండబట్టలేక అడిగేశాను. ఆమె బీరువా తీసింది. నా డబ్బాలన్నీ వరసగా ఉన్నాయి. ఒకదాని నుంచి కార్డులు లాగబోయింది. రాలేదు.

"సూసినవా, వానకు కార్డులు ఉబ్బినయ్. ఎండకాలం కొలత గిప్పుడు పనికిరాదు. కొన్నోళ్లు డబ్బా చింపుకుంటరు, నీ పేరు పోతది. గందుకే దాసిపెట్టి సూస్తున్న. ఈసారి గోరంత జాగ ఎక్కువ ఇడుస్త."

నేను భుజానున్న సంచిని మెల్లగా వెనక్కి జరుపుకున్నాను. అందులో ఆమె ఎండాకాలంలో చేసిన డబ్బా ఉంది. అచ్చం అలాంటివే వేరేవాళ్లతో చేయించడానికి, ఆమెకు చెప్పకుండా హైదరాబాద్ తీసుకుపోతున్నాను.