సాలమన్ గారి ఆవిడ

సాలమన్ గారికి ఒకే ఒక్క జబ్బు. ఈ ఊళ్ళో ఎవరికి ఏం జరిగినా అది తనకే జరిగిందని చెబుతారు. బోరబండలో ఎవరి గోడ కూలినా "నా గోడ కూలింది సార్" అంటారు. ఆయనుండేది పంజాగుట్టలో, అద్దె వాటాలో. గోడలన్నీ ఓనరువి. ఆ మధ్య పక్క వాటాలో ఉండే ఫేబీ అనే అమ్మాయి పురిటి నొప్పులొచ్చి, ఆటో దొరక్క నానా అవస్థా పడిందట. ఆ సంగతి ఆయన మాకు చెప్పిన తీరు ఇదీ.

"నొప్పులు మొదలైనయ్ సార్. ఒక్క ఆటో ఆగుతలేదు. మస్తు పరేషానైన."

"నొప్పులెవరికండీ?"

"నాకే సార్. ఆఖరుకు పిల్లగాడు పుట్టిండు. మంచిగున్నడు."

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పేది వాళ్ళావిడ సంగతులు. అలిగి పుట్టింటికి పోయిన ఆవిడ, చారులో చింతపండు దంచి కొట్టిన ఆవిడ, టీవీ రిమోట్ దాచేసిన ఆవిడ. ఒక్క మనిషిలో ఇన్ని గుణాలేమిటా అని నేను ఆశ్చర్యపోతుంటే, మా క్లాసులో రుఖియా పక్కకి పిలిచి చెప్పింది. "సార్, అంకుల్‌కి అసలు షాదీయే కాలే."

అమీర్‌పేటలో నేను కథలు రాయడం నేర్పుతాను. నవ్వకండి. కింద పైథాన్, మధ్యలో స్పోకెన్ ఇంగ్లిష్, పైన నేను. మెట్లెక్కి వచ్చినవాళ్ళలో సగం మంది "ప్లేస్‌మెంట్ ఉంటుందా సార్?" అని అడిగి దిగిపోతారు. దిగనివాళ్ళే నా శిష్యులు. రుఖియా బోరబండలో బ్లౌజులు కుడుతుంది. కేదార్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు. సాలమన్ గారు ఖైరతాబాద్‌లో ఏదో సర్కారీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. కథల మీద ఇష్టమా అని అడిగితే, "ఇక్కడ ఫ్యాను మంచిగ తిరుగుతది సార్" అన్నారు.

మొదటి రోజే నేను చెప్పే పాఠం ఒకటుంది. కథ ఎవరు చెబుతున్నారన్నదాన్ని బట్టి అందులో మనిషి మారిపోతాడు, కథకి అర్థమే మారిపోతుంది. కాబట్టి మీ కథ కానప్పుడు 'అతడు' అనండి, ఒక పేరు పెట్టండి, కాస్త దూరంగా నిలబడి చూడండి. అందరూ రాసుకున్నారు. సాలమన్ గారు భక్తిగా తలూపి, లేచి నిలబడి, "నేను" అని మొదలుపెట్టారు.

"అతడు!" అన్నాను.

"అదే సార్. నేను."

కొన్నాళ్ళకి నేను గొంతు చించుకోవాల్సిన పని లేకపోయింది. ఆయన నోరు తెరవడం ఆలస్యం, క్లాసంతా కలిసి "అతడు, అంకుల్, అతడు!" అని అరిచేది. ఆయన నవ్వి తన పని తాను చేసుకుపోయేవారు.

ఒకసారి గుమ్మం బయట విడిచిన నా కొత్త చెప్పులు పోయాయి. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే క్లాసుకి పని పెట్టాను. చెప్పులు పోయినవాడి వైపు నుంచి ఒకరు, ఎత్తుకెళ్ళినవాడి వైపు నుంచి ఒకరు చెప్పండి. నా వైపు నుంచి కేదార్ చెప్పాడు. బాగానే చెప్పాడు గానీ, వింటుంటే నేనొక పిసినారిలా ఉన్నాను. తర్వాత సాలమన్ గారు లేచారు.

"నేనే ఎత్తుకపోయిన సార్. రోడ్డు కాలుతుంది. తెగిన చెప్పు చేతిల పట్టుకొని ఇంటర్వ్యూకు ఎట్ల పోవాలె? ఇవి తొడుక్కున్న. సైజు పెద్దగైనయ్. సార్లకు కనబడకుండ కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకొని కూసున్న."

దొంగ మీద నా కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. పాపం ఆ ఉద్యోగం వచ్చిందా అని అడగబోయి తమాయించుకున్నాను. క్లాసు మాత్రం ఒక్కసారిగా గుమ్మం బయట ఆయన విడిచిన చెప్పులకేసి చూసింది. పాత తోలు చెప్పులు. ఆయనవే.

ఇక కేదార్ సంగతి. అతని ఉద్యోగం పోయింది. భార్య సంహితకు చెప్పలేదు. రోజూ ఆమె కట్టిచ్చిన డబ్బా బ్యాగులో పెట్టుకుని ఆఫీసుకని బయల్దేరేవాడు. లక్డీకాపూల్ బస్సులన్నీ వచ్చిపోతుంటే పంజాగుట్ట బస్టాపులో కూర్చునేవాడు. మధ్యాహ్నం నా ఖాళీ గదికి వచ్చి డబ్బా మూత తీసి, దాన్ని చూస్తూ ఉండేవాడు. ఒకరోజు, ఫ్యాను కోసం వచ్చిన సాలమన్ గారు కూడా అక్కడుండగా, అంతా చెప్పి ఏడ్చేశాడు.

"తిడ్తదని భయం లేదు సార్. ఏమనకుండ ఊకుంటదేమో అని భయం. రేపు చెప్త, రేపు చెప్త అనుకుంట నెలలు గడిచినయ్. ఇంకొకరి నోట వింటే నా మొఖం సుత చూడదు. మీరెవ్వరికీ చెప్పకండి."

"ఫికర్ జెయ్యకు బిడ్డా," అన్నారు సాలమన్ గారు. "నేను ఎవ్వరి సంగతీ ఎవ్వరికీ చెప్పను."

నిజమే, ఆయన చెప్పేవన్నీ తన సంగతులే, అదే నా భయం.

అనుకున్నంతా అయింది. ఆ ఏడు చివర్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ తమ కథలు వినిపించే రోజు పెట్టుకున్నాం. ఇంట్లోవాళ్ళనీ రమ్మన్నాం. సంహిత ముచ్చటపడి వచ్చి ముందు వరసలో కూర్చుంది. సాలమన్ గారు చర్చి నుంచి నేరుగా, ఇస్త్రీ తెల్ల చొక్కాతో, చంకలో బైబిలుతో వచ్చారు. తన వంతు రాగానే లేచారు.

"నా నౌకరి పోయింది," అన్నారు.

కేదార్ తల దించుకున్నాడు. సంహిత నవ్వుతూ వింటోంది.

"మా ఆవిడకు చెప్పలే. రోజూ డబ్బా కట్టిస్తది. అది పట్టుకొని బస్టాపుల కూసుంట..."

క్లాసు గొంతెత్తింది. "అతడు, అంకుల్, అతడు!"

రుఖియా ఇంకాస్త ముందుకెళ్ళింది. "ఒక పేరు పెట్టండి అంకుల్ జర! సార్ చెప్పిండ్రు కదా!"

నేను నేర్పిన పాఠం వీళ్ళకి ఇంత బాగా వంటబట్టిందని ఆ క్షణం దాకా నాకు తెలియదు. "అందరూ నోర్ముయ్యండి!" అని కేకేశాను. "సాలమన్ గారూ, మీ పుణ్యముంటుంది, ఆ 'నేను' మాత్రం వదలకండి!"

క్లాసు బిత్తరపోయింది. ఆయన నా వంక చూసి చిన్నగా నవ్వారు.

"మూత తీస్తే బెండకాయ కూర. పొద్దుగాల లేచి నా కోసమే తరిగింది. ముద్ద దిగుతలేదు. ఇయ్యాల చెప్పాలె అనుకుంట ఇంటికి పోత. 'ఎట్లుంది ఆఫీసు?' అంటది. 'మంచిగుంది' అంట." బైబిలు ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నారు. "కథ గింతే ఉంది సార్. చెప్తే ఆవిడ ఏమంటదో నాకు తెల్వదు. నాకు పెండ్లి కాలే గద."

గది గొల్లుమంది. ఆయన ఆ మాట ఒప్పుకోవడం అదే మొదలు. నవ్వులు తగ్గాక, ముందు వరస వైపు తిరిగారు. "అమ్మా సంహితా, నువ్వైతే ఏమంటవ్?"

సంహిత నవ్వడం ఆపి ఆలోచించింది. "కోపమొస్తది అంకుల్. నౌకరి పోయినందుకు కాదు. అన్ని దినాలు ఒక్కనివే కూసున్నందుకు. రేపటి సంది డబ్బా కట్టియ్యను. పళ్ళెం పెడ్త, ఇంట్లనే నా పక్కన కూసొని తిను, అంట."

చెప్పి, మొగుడి వైపు తిరిగింది. కేదార్ కళ్ళద్దాలు తీసి తుడుస్తున్నాడు. చాలాసేపు తుడిచాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పేశానని అతను ఫోన్ చేశాడు. ఆమె బాగా తిట్టిందట, ఏడ్చిందట, తర్వాత పళ్ళెం పెట్టిందట.

సాలమన్ గారి జబ్బేమిటో నాకప్పుడు తెలిసింది. 'అతడు' అంటే చాలు, ఎవరా అతడు అని జనం వెతకడం మొదలుపెడతారు. ఆయన 'నేను' అనగానే వెతకడం మానేసి ఆయన్ని చూసి నవ్వుతారు. ఆ సందులో అసలు మనిషి మెల్లగా జారుకుంటాడు. ఊళ్ళోవాళ్ళ సిగ్గులన్నీ ఇలా తన నెత్తిన వేసుకు తిరుగుతున్న ఆ మనిషంటే నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది.

మరుసటి ఆదివారం సంహిత మెట్లెక్కి వచ్చింది. వెనకాలే కేదార్. ఉద్యోగం ఇంకా రాలేదు గానీ, మనిషి ముఖంలో కళ వచ్చింది. ఆమె నేరుగా సాలమన్ గారి ముందుకెళ్ళి ఒక డబ్బా పెట్టింది.

"అంకుల్, మీ కథల ఆవిడ పంపింది."

ఆయన డబ్బా దగ్గరికి లాక్కున్నారు. మూత తీశారు. బెండకాయ కూర. అన్నంలో ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, తీరిగ్గా నమిలి, నా వైపు తిరిగారు.

"ఉప్పు జర తక్కువైంది సార్. మా ఆవిడ ఎప్పుడూ గింతే."

అందరం నవ్వాం. 'అతడు' అని మాత్రం ఒక్కరూ అరవలేదు.